కత్తిపీటలు రెండు, తొట్టి ఒక్కటి

జబ్బు సంగతి రాసేవాళ్ళు జ్వరంతో మొదలుపెడతారు. నేను నా మందులంగడితో మొదలుపెట్టాలి. జ్వరం నాకు పంతొమ్మిదివందల ఎనభై ఏడు మాఘమాసంలో వచ్చింది గానీ, దానికి పునాది అంతకు ఏడాది ముందే నా అంగడిలో, నా చేతుల మీదుగా పడింది. ఇప్పుడు బాగానే ఉన్నాను. సంగటి అరుగుతోంది. అంగడిదాకా ఎక్కడా కూర్చోకుండా నడిచిపోతున్నాను. జారిపోయే పంచె మళ్ళీ నడుం మీద నిలుస్తోంది. బాగుపడ్డవాళ్ళు గమ్మున ఉండక ఈ రాతలెందుకని మా ఆవిడ సుగుణ అడిగింది. నాలాంటి అంగళ్ళు ఈ జిల్లాలో వీధికొకటి ఉన్నాయి, వాటిలో నాలాంటి పెద్దమనుషులే కూర్చుని ఉన్నారు. అందుకని రాస్తున్నాను.

తిరుపతిలో బస్టాండుకు పోయే దారిలో నా అంగడి. చీటీ తెచ్చినవాళ్ళకు చీటీలో ఉన్నది ఇస్తాను. చీటీ లేనివాళ్ళకు నేనే డాక్టరు. కొండకు వచ్చిన యాత్రికులు, లాడ్జీల్లో పనిచేసేవాళ్ళు, పల్లెల నుంచి బస్సు దిగి మళ్ళీ బస్సెక్కే తొందరలో ఉన్నవాళ్ళు వచ్చి కడుపు పట్టుకుని నిలబడితే, మూడు మాటలడిగి నాలుగు గొట్టం మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చేవాణ్ణి. ఎక్కువమందికి తగ్గేది. తగ్గినవాళ్ళు "డాక్టరప్పా" అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు నాకు బాగా తలకెక్కింది. తగ్గనివాళ్ళు మళ్ళీ నా అంగడికి ఎందుకు వస్తారు? వాళ్ళ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు.

మా ఇంట్లో నేను, సుగుణ, పిల్లలిద్దరు, మా అక్క వల్లెమ్మ. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. బావ పోయాక ఆమె మా దగ్గరికి వచ్చేసింది. పదో తరగతి చదువు ఉండడంతో టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ట్రంకు కాల్స్ కలిపే ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చుంటే మద్రాసు నుంచి చిత్తూరు దాకా ఊళ్ళన్నీ ఆమె చేతి కింద ఉన్నట్టే. ఊళ్ళో వ్యాపారస్తుల గొంతులన్నీ ఆమెకు తెలుసు. "హలో" అన్న ఒక్క ముక్కతోనే ఎవరికి జలుబు చేసిందో, ఎవరింట్లో పొద్దున్నే గొడవైందో చెప్పేసేది. ఇంట్లో నేను ఏదైనా దాస్తే మొహం చూడకుండానే, గొంతు విని పట్టేసుకునేది. బావ పోయిన రోజు నుంచి ఆమె నీసు ముట్టలేదు. ఆమె కోసమే మా ఇంట్లో కత్తిపీటలు రెండు, పొయ్యిలు రెండు. నీసు కత్తిపీట పెరట్లో గోడకు ఆనించి ఉంటుంది, వంటింటి గడప దాటి లోపలికి రాదు. ఈ విషయంలో సుగుణ ఒక్కనాడూ పొరపాటు చేయలేదు.

సుగుణ తమ్ముడు మునిరత్నం పులికాట్ సరస్సు ఒడ్డున, తడ దాపున రొయ్యల చెరువు తవ్వించాడు. అప్పట్లో ఆ వ్యవసాయం మా వాళ్ళకు కొత్త. మొదటి ఏడాది రొయ్యలు తోకలు ఎర్రబడి ఒడ్డుకు వచ్చి చచ్చిపోతుంటే, మూడింటిని తడిగుడ్డలో చుట్టుకుని బస్సెక్కి నేరుగా నా అంగడికి వచ్చాడు. గుడ్డ విప్పి రోగిని పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టాడు.

"సూడు బావా, తోకలు యెట్లా ఎర్రబడినాయో. మనుషులకిస్తావు కదా, వీటికీ యేదన్నా మందియ్యి" అన్నాడు.

నవ్వి ఊరుకుని ఉంటే సరిపోయేది. గడువు తీరిన టెట్రాసైక్లిన్ గొట్టాలు ఒక డబ్బా నిండా ఉన్నాయి. పారేయడానికి మనసు రాక దాచినవి. అవి ఇచ్చి, మేతలో కలిపి వేయమన్నాను. పది రోజులకు మునిరత్నం మనిషి వచ్చి రొయ్యలు నిలిచాయని చెప్పాడు. నిజంగా మందుకే నిలిచాయో, వాటంతట అవే నిలిచాయో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆ రోజు మాత్రం నా ఛాతీ ఇంతయింది. ఆ తర్వాత అది చాలక టైఫాయిడుకు వాడే క్లోరాంఫెనికాల్ కూడా పంపాను. గడువు తీరినవి అయిపోయాక మంచివే పెట్టెలకు పెట్టెలు సూళ్ళూరుపేట బస్సులో వేసి పంపాను. ఒకసారి పోయి చూశాను కూడా. చెరువు గట్టు మీద పాకలో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని గొట్టాలు గోళ్ళతో విప్పి, పొడిని తవుడులోనూ చేపపొడిలోనూ కలుపుతున్నారు. వాళ్ళ వేళ్ళు పసుపు పట్టినట్టు ఉన్నాయి. అప్పటికి చెరువులో రోగమేమీ లేదు. మరి ఎందుకేస్తున్నావంటే, రాకుండా ఉండడానికి అన్నాడు మునిరత్నం. తెలివైన పనేనని మెచ్చుకున్నాను. ఇంటికొచ్చి చెబితే అక్క ఒక్కటే అడిగింది, ఇట్లా ఇవ్వమని నాకు చెప్పిందెవరని. రొయ్యలకు కూడా చీటీ రాయించుకు రమ్మంటావా అని వేళాకోళం చేసి మాట దాటేశాను.

పైగా బావమరిది చెరువు గట్టెక్కితే మాఘమాసమంతా నీసు మానేసి, చివర్లో నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. చెరువు గట్టెక్కింది. మాఘం వచ్చింది. నేను నీసు మానేశాను.

ఆ మాఘంలో ఒక శనివారం పొద్దున మునిరత్నం ఆ ఏటి తొలిపట్టు రొయ్యలు పంపాడు. వెదురుబుట్టలో ఐసు, రంపపు పొట్టు వేసి, పైన గోనెపట్టా కుట్టి. తిరుపతిలో శనివారం నీసు వండే ఇల్లు తక్కువ, మా ఇంట్లో అసలే వండరు. అందుకని బుట్ట ఆదివారం దాకా పెరట్లో జామచెట్టు నీడన ఉండాలి. మధ్యాహ్నానికే ఐసు కరిగి నీళ్ళు కారడం మొదలైంది. చెడిపోతాయేమోనని సుగుణ సాయంత్రం పెరట్లోనే కూర్చుని, నీసు కత్తిపీట మీద వాటిని శుభ్రం చేసి, ఉప్పూ పసుపూ పట్టించి కుండలో పెట్టింది. వండడం రేపే. శనివారం నియమం చెడలేదు. రొయ్యలు కడిగిన చేత్తోనే చెంబు పట్టుకుని, సిమెంటు తొట్టిలో ముంచి నీళ్ళు పోసుకుంది. మాకు కుళాయి రెండు రోజులకొకసారి వచ్చేది. అది వచ్చినప్పుడు నింపుకున్న తొట్టే ఇంటికంతటికీ ఆధారం. తర్వాత తలస్నానం చేసి లోపలికి వెళ్ళింది.

ఒంటిపొద్దు ఉన్నవాళ్ళం నేనూ అక్కా. రాత్రికి అన్నం తినం. అక్క లేత దోసకాయలు నాలుగు తీసుకుని పెరట్లోకి వెళ్ళి, అదే తొట్టిలో అదే చెంబు ముంచి కడుక్కుని వచ్చింది. వంటింటి కత్తిపీట మీదే తరిగింది. నానబెట్టిన పెసరబేడలు, కొబ్బరి, నిమ్మరసం కలిపి కోసంబరి చేసింది. ఇద్దరం కడుపునిండా తిన్నాం. మర్నాడు సుగుణా పిల్లలూ రొయ్యల పులుసు కుతకుత ఉడికించుకుని తిన్నారు. వాళ్ళకు ఏమీ కాలేదు. రొయ్య వాసన కూడా పడనివ్వకుండా జాగ్రత్తగా ఉన్న మా ఇద్దరికే వచ్చింది.

సోమవారం మధ్యాహ్నం అంగట్లో ఉండగా కడుపులో మెలిపెట్టడం మొదలైంది. సాయంత్రానికి చలి. చలంటే దుప్పటి కప్పుకుంటే పోయేది కాదు, ఎముకల లోపల ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టు. అక్కకు కూడా అంతే. నేనేమైనా భయపడ్డానా? లేదు. అంగడి నాది, మందులు నావి. టెట్రాసైక్లిన్ నేను రెండు మింగి అక్కకు రెండు ఇచ్చాను. రెండు రోజులకు తగ్గకపోతే క్లోరాంఫెనికాల్‌కు మారాను. పరగడుపున వద్దు, మజ్జిగతో వద్దు అంటూ పెద్దరికం వెలగబెట్టాను. ఆసుపత్రికి పోదామని సుగుణ రోజూ పోరింది. ఇంట్లో అంగడి పెట్టుకుని ఊరి డాక్టరు దగ్గర లైన్లో నిలబడాలా అని కసిరాను. అక్క నన్ను నమ్మింది. సెలవు పెట్టకుండా, మందులు చీర కొంగున కట్టుకుని డ్యూటీకి పోయింది. శుక్రవారం మధ్యాహ్నం ఎక్స్‌ఛేంజి నుంచి కబురొచ్చింది. కాల్ కలుపుతూ కలుపుతూ చెవులకున్నది తీసి బల్ల మీద పెట్టి, పక్కామె ఒళ్ళోకి ఒరిగిపోయిందట.

పెద్దాసుపత్రికి ఆటోలో ఆమెను తీసుకుపోయింది నేనే. దిగేసరికి నాకూ కాళ్ళు నిలవలేదు. ఇద్దరినీ చేర్చుకున్నారు.

నా జీవితంలో నేను చేసిన తప్పులన్నిటిలోకీ పెద్దది ఆ సాయంత్రం చేశాను. డాక్టరు చిన్నవాడు, ముప్పై కూడా ఉండవు. బాగా అలసిపోయి ఉన్నాడు. నా అంగడి పేరు అతనికి తెలుసు. అతను రాసిన చీటీలు నా దగ్గరికి వస్తాయి. బయట ఏమైనా తిన్నారా, నీసు తిన్నారా అని అడిగాడు. మొక్కులో ఉన్నాం, నీసు ముట్టలేదు అన్నాను. అది నిజమే. తర్వాత అడిగాడు.

"ఇక్కడికి రాకముందు మందులేమైనా వాడారా?"

లేదని చెప్పాను.

చీటీ లేకుండా మందులు ఇస్తానని తెలిస్తే ఏమవుతుందోనన్న భయం కొంత. అంత పెద్ద అంగడి పెట్టుకుని అయిదు రోజులు ఏం చేశావయ్యా అంటాడేమోనన్న సిగ్గు కొంత. అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందంటే, చెప్పాక కూడా నాకు అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు. స్ట్రెచరు మీద ఉన్న అక్క నా గొంతు విని కళ్ళు తెరిచింది. నా వైపు చూసింది. మాట్లాడే ఓపిక ఆమెకు లేదు. డాక్టరు తలూపి, కాగితం మీద మందు రాశాడు. ఆ కాగితం నర్సు చేతిలో తలకిందులుగా ఉన్నా చదవగలిగాను. క్లోరాంఫెనికాల్. మేం మూడు రోజులుగా మింగుతున్నదే. అప్పుడైనా నోరు విప్పలేదు.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. నేను మగవాళ్ళ వార్డులో, అక్క వరండా అవతల ఆడవాళ్ళ వార్డులో. సుగుణ ఒక పూట ఇటు, ఒక పూట అటు. వరండాలో బెంచీల మీద పల్లెల నుంచి వచ్చినవాళ్ళు మూటలు, చెంబులు పెట్టుకుని ఎదురుచూస్తూ ఉండేవాళ్ళు. ఎవరి పేరు పిలిచినా అందరూ లేచి నిలబడేవాళ్ళు. నా పక్క మంచం మీద పీలేరు దాపు రైతు ఒకాయన ఉండేవాడు. ఆయన పెళ్ళాం తన మొగుడికి తెచ్చిన గంజిలో సగం నాకు పోసేది. ఎవరు నువ్వని ఒక్కసారి కూడా అడగలేదు. ఆడవాళ్ళ వార్డు ఆయమ్మ అటూ ఇటూ తిరిగేటప్పుడు అక్క సంగతి మోసుకొచ్చేది. ఈ పొద్దు రెండు చెంచాలు మింగింది, ఈ పొద్దు కళ్ళు తెరవలేదు, ఈ పొద్దు నిన్ను అడిగింది అని. ఆ ఆయమ్మ చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని పడుకునేవాణ్ణి.

ఒకరోజు మునిరత్నం వచ్చాడు. కమలాపళ్ళు నా మంచం మీద పెట్టి పిల్లాడిలా ఏడ్చాడు. అతను వెళ్ళాక సుగుణతో, అతను పంపిన రొయ్యల మీద నాకు అనుమానంగా ఉందన్నాను. సుగుణకు ఒళ్ళు మండింది. తిన్నవాళ్ళం మేం గుండ్రాయిలా ఉన్నాం, తిననివాళ్ళు మీరు పడ్డారు, మా తమ్ముడి మీదికి ఎందుకు తోస్తారని అడిగింది. దానికి జవాబు చెప్పాలంటే నా పెట్టెల తప్పు కూడా ఒప్పుకోవాలి. రెండు రోజులు ఆమె నాతో మాట్లాడకుండానే నా ఒళ్ళు తుడిచింది, నా గుడ్డలు ఉతికింది.

అయిదో రోజు రక్తపరీక్ష కాగితం వచ్చింది. డాక్టరు నా మంచం దగ్గర నిలబడి దాన్ని రెండుసార్లు చదివాడు. మామూలుగా పనిచేసే మందులు ఈ క్రిమి మీద పనిచేయడం లేదని, అది వాటికి లొంగకుండా ముదిరిపోయిందని చెప్పాడు. ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావడం లేదన్నాడు. చూపించమని అడిగాను. మందుల పేర్లు వరసగా రాసి ఉన్నాయి. పనిచేయవని గీత కొట్టిన వాటిలో మొదటి రెండూ టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్. ఏడాదిపాటు నేను బస్సులో వేసి పంపినవి ఆ రెండే. ఆ కాగితం తిరిగి ఇచ్చేసి గోడ వైపు తిరిగి ముడుచుకున్నాను. డాక్టరు చలి అనుకుని దుప్పటి పైకి లాగాడు. ఆ క్రిమి ఆ రొయ్యలతోనే వచ్చిందని నేను రుజువు చేయలేను. ఎవరూ ఆ తొట్టి నీళ్ళు పరీక్షించలేదు. కానీ ఆ కాగితం చదివిన క్షణం నుంచి నాకు ఇంకో కారణం తోచలేదు. తోచకపోయినా కిమ్మనలేదు.

లొంగేది ఒక ఇంజక్షనుకు మాత్రమే. ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టారు. నాకు మూడు రోజుల్లో జ్వరం దిగింది. అక్కకు దిగలేదు. ఆమె వయసు ఎక్కువ, ఒంట్లో నీరంతా పోయి పెదవులు పగిలి ఉన్నాయి, మూత్రం కూడా సరిగా రావడం లేదు. నేను గోడ పట్టుకుని నడవగలిగిన మొదటి రోజు ఆమె మంచం దగ్గరికి వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"రాయుడూ, చెవుల్లో గుయ్యిమని ఒకటే రొద రా. లైను చెడిపోయినప్పుడు వచ్చే మాదిరి. ఇది పోతాది కదా?"

నీరసం, రవంత ఒళ్ళు కుదుటపడితే పోతుందన్నాను. అప్పటికి నాకు తెలుసు. ఆ ఇంజక్షను పెట్టె మీద ఏం రాసి ఉంటుందో నేనెన్నోసార్లు చదివినవాణ్ణి. సాయంత్రం డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి అదే మాట చెప్పాడు. ఇంజక్షను ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, ఆపకపోతే చెవులు పోవచ్చు. ఇంటివాళ్ళు ఒక మాట చెప్పాలన్నాడు. అక్క ఏం పని చేస్తుందో అతనికి తెలుసు. కొనసాగించమని చెప్పాను. అది తప్పని నేననుకోవడం లేదు. ఆ మాట చెప్పాల్సిన చోటికి ఆమెను తెచ్చి నిలబెట్టింది నేను కావడమే నా బాధ.

ఫాల్గుణం వచ్చేసరికి అక్క జ్వరం పూర్తిగా పోయింది. ఎక్స్‌ఛేంజి నుంచి ముగ్గురు ఆడవాళ్ళు చూడడానికి వచ్చారు. అక్క దిండుకు ఆనుకుని కూర్చుని నవ్వుతోంది. ఎట్లున్నావక్కా అని అడిగితే, అన్నం తిన్నానమ్మా అంది. డ్యూటీకి ఎప్పుడొస్తావంటే, మా తమ్ముడికి కూడా తగ్గిపోయిందని చెప్పింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలాసేపు ఆమె చెయ్యి నిమురుతూ కూర్చుని, బయటికొచ్చి వరండా బెంచీ మీద కూలబడి ముగ్గురూ ఏడ్చారు. నేను వాళ్ళ పక్కన నిలబడ్డాను గానీ ఏడ్చే అర్హత నాకుందనిపించలేదు.

ఉగాది తర్వాత ఆఫీసువాళ్ళు ఆమెను పాత ట్రంకు కాల్ చీటీలు సర్దే గదికి మార్చారు. ఉద్యోగం తీసేయలేదు, అది వాళ్ళ మంచితనం. రోజూ తల దువ్వుకుని, బొట్టు లేని ఆ నుదురు కడుక్కుని, టిఫిను డబ్బా పట్టుకుని పోయేది. మెట్ల మీద నుంచి మామూలుగా కుడివైపు స్విచ్చిబోర్డు గదికి పోయే మనిషి, ఎడమవైపుకు తిరగడం మర్చిపోయి రెండుసార్లు ఆ గదిలోకే పోయి కూర్చుందట. ఎవరూ ఆమెను లేపలేదట. ఆమే లేచి వచ్చేసిందట. ఈ సంగతి నాకు అక్క చెప్పలేదు, ఆ ముగ్గురిలో ఒకామె అంగడికి వచ్చి చెప్పింది. ఆ రోజు అంగడి మధ్యాహ్నమే మూసేశాను.

వైశాఖంలో మునిరత్నం దగ్గరికి పోయాను. ఈసారి సుగుణకు అంతా చెప్పే బయలుదేరాను. తొట్టి సంగతి చెప్పగానే ఆమె తన రెండు చేతులూ చూసుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. తప్పు ఆమెది కాదని నేనెంత చెప్పినా, ఈ రోజుకీ ఆమె రొయ్యలు ముట్టదు. చెరువు గట్టు మీద నిలబడి మునిరత్నానికి కూడా అన్నీ చెప్పాను. మందు ఆపమని బతిమాలాను. అతను తల వంచుకుని విన్నాడు. దుర్మార్గుడు కాడు. మా అక్క అంటే ప్రేమ ఉన్నవాడే.

"నువ్వు ఆపితే మాత్రం యాడ ఆగతాది బావా? ఇప్పుడు జీపులో తెచ్చి గట్టు మీదే ఇచ్చిపోతాండారు. పక్క చెరువోళ్ళందరూ ఏస్తాండారు. నేనొక్కణ్ణి మానేస్తే నావే సస్తాయి" అన్నాడు.

పాకలో చూశాను. నేను పంపే పెట్టెల కన్నా పెద్ద డబ్బాలు, పేరు కూడా లేనివి, వరసగా ఉన్నాయి. నేను ఒక చెరువుకు నేర్పిన విద్య ఏడాదిలో గట్టు పొడవునా పాకింది. అవతల సరస్సులో పడవలవాళ్ళు వలలు దులుపుకుంటున్నారు. మా చెరువుల నీళ్ళు పోయి కలిసేది వాళ్ళ సరస్సులోనే. వాళ్ళకు ఎవరు చెబుతారు, ఏమని చెబుతారు? తిరుగు బస్సులో కిటికీ పక్క కూర్చుని తిరుపతి దాకా అదే ఆలోచించాను.

అక్కకు మాత్రం అప్పటికీ చెప్పలేదు. చిన్నచిన్న మాటలైతే చెవి దగ్గర గట్టిగా అరిస్తే ఒకటో రెండో అందేవి. ఇది అరిచి చెప్పేది కాదు, వీధంతా వింటుంది. అందుకని ఆషాఢంలో ఒక ఆదివారం అంగడి బిల్లు కాగితాల వెనక, నాలుగు కాగితాలు రాశాను. చెరువుకు పంపిన మందులు మన తొట్టిదాకా ఏం తెచ్చింది, ఇంట్లో మందులు మింగించింది, డాక్టరు అడిగితే లేదన్నది, అన్నీ. వాకిట్లో చాట ముందర పెట్టుకుని బియ్యం ఏరుతుంటే ఆమె చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాను.

రెండుసార్లు చదివింది. ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు. అంతకు ముందు నా గొంతులో ఆమె ఎన్ని దొంగతనాలు పట్టుకుందో, ఈసారి నేను ఆమె మొహంలో ఒక్కటీ పట్టుకోలేకపోయాను. తర్వాత మాట్లాడింది. చెవులు పోయినప్పటి నుంచి తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియదు. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు వాకిళ్ళలోకి వచ్చారు.

"ఆ డాక్టరు అడిగినప్పుడు నువ్వు అబద్దం చెప్పినావని నాకు ఆ పొద్దే తెలుసు రా. నా నోరు లేవలేదు, అంతే. ఇప్పుడన్నా ఆయనకు చెప్పినావా?"

లేదని తల అడ్డంగా ఊపాను.

"నా సంగతి అయిపోయినాది. ఆ వార్డులో ఇంకా జనం పడుకోనుండారు. ఇదే పురుగు పట్టినోళ్ళు ఉంటే ఆయనకెట్లా తెలుస్తాది? పో. పోయి చెప్పిరా."

వీధంతా చూస్తుండగా చెప్పులు వేసుకుని బయలుదేరాను. డాక్టరు గది ముందు పదిమంది ఉన్నారు. అంగడివాణ్ణని ముందు పంపుతామన్నారు, వద్దని లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చాక మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అతను కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. చెరువు ఎక్కడుంది, ఏ మందులు, ఎన్నాళ్ళు అని అడిగి ఒక పుస్తకంలో రాసుకున్నాడు. పెన్ను మూసి నా వైపు చూసి ఒక మాట అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. డాక్టరు ఏమన్నాడని అడిగింది. పెన్సిలు తీసుకుని, అన్నీ పుస్తకంలో రాసుకున్నాడని రాసి చూపించాను. చదివి, తలూపి, లోపలికి పోయింది. ఆమెకు గొంతు వినబడి ఉంటే నేనింకా ఏదో దాచానని పట్టేసుకునేది. రాతలో ఏమీ తెలియదు.

ఈ కాగితాలు ఎవరికిచ్చినా ముందు అక్కకు ఇస్తాను. ఆ రోజు నేను రాయనిది ఇదీ, అక్కా. "ఈ ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే, ఆ నాలుగు రోజులు పోయేవి కావు. ఒళ్ళు ఎండిపోకముందే ఇంజక్షను ఇచ్చి తొందరగా ఆపేసేవాణ్ణి. ఆమె ఇప్పటికీ ఫోనులో మాట్లాడుతూ ఉండేదేమో" అన్నాడు డాక్టరు.